30 శాతం వేసి అమ్ముతున్నా చేతికి ఏమీ మిగలడం లేదు, ఎందుకు?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. రెండేళ్లుగా చీరలు, నైటీలు, పిల్లల బట్టలు అమ్మే చిన్న దుకాణం నడుపుతున్నాను. సరుకు ఎక్కువగా విజయవాడ వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్‌లో కొంటాను, కొంత సూరత్ నుంచి పార్సిల్‌లో తెప్పిస్తాను. బిల్లులో ఉన్న సరుకు విలువ మీద 30 శాతం వేసి ధర చీటీ అంటిస్తాను. బేరమాడని వారు మా ఊళ్లో లేరు కాబట్టి దాదాపు అందరికీ 10 శాతం తగ్గిస్తాను. ఎంత లేదన్నా 20 శాతం మిగలాలి కదా! నెలకు 2 లక్షల అమ్మకం ఉంది. అంటే 40 వేలు రావాలి. అద్దె, పనిచేసే అమ్మాయి జీతం, కరెంటు అన్నీ కలిపి 22 వేలు పోగా 18 వేలు ఉండాలి. అవి లేకపోగా, దసరా సరుకుకు చీటీ పాడిన డబ్బు కూడా పెట్టాల్సి వచ్చింది. ఇంటి కూరగాయలకూ పిల్లల ఆటోకూ గల్లాలోంచే తీస్తాను, కానీ అది పెద్ద మొత్తం కాదు. అమ్మాయి చేతివాటం చూపిస్తోందని మా అన్నయ్య అనుమానం. ఆమెను మాన్పించాలా? అసలు కొన్న ధర మీద ఎంత శాతం వేస్తే గిట్టుబాటవుతుంది? నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. హైదరాబాద్‌లో ఉన్న మావాళ్లు వాట్సాప్‌లో ఫొటోలు చూసి చీరలు పంపమంటున్నారు. పంపవచ్చా?
— ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ఆ అమ్మాయిని మాన్పించకండి. ఈ జవాబు చదివి, కాగితం మీద లెక్క వేసుకునేదాకా ఆమెను ఒక్క మాట కూడా అనకండి. డబ్బు ఎటు పోతోందో మీ ఉత్తరంలోని అంకెలే చెబుతున్నాయి.

30లోంచి 10 తీసేస్తే 20 అన్నారు. ఆ 30 శాతం వేసింది 100 రూపాయల మీద. 10 శాతం తగ్గించింది 130 మీద. 130లో పదో వంతు 13. కాబట్టి చేతికి వచ్చేది 117, పైన మిగిలేది 17. మూడు రూపాయలు అక్కడే పోయాయి.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. మిగిలిన ఆ శాతాన్ని మీరు 2 లక్షల అమ్మకానికి వర్తింపజేశారు. 17 రూపాయలు మిగిలింది 100 పెట్టి కొన్నందుకు. 2 లక్షలు మాత్రం అమ్మగా వచ్చిన డబ్బు. ప్రతి 117 రూపాయల అమ్మకానికి 17 మిగిలితే 2 లక్షలకు ఎంత? 29 వేల చిల్లర. మీరు ఎదురుచూసిన 40 వేలకు అప్పుడే 11 వేలు తరుగు పడింది. దుకాణంలో ఎవరూ ఏమీ తీయకుండానే.

బడిలో మనం చేసిన లాభనష్టాల లెక్కలన్నీ కొన్న వెల మీదే ఉండేవి. పరీక్షకు అది చాలు. దుకాణంలో మాత్రం అద్దె, జీతం, కరెంటు, ఇంటి ఖర్చు అన్నీ గల్లాలో పడిన డబ్బులోంచే వెళ్తాయి. అందుకని వ్యాపారులు రెండు శాతాలు చూస్తారు. కొన్న ధర మీద ఎంత వేశామన్నది మార్కప్. అమ్మిన ధరలో ఎంత మిగిలిందన్నది మార్జిన్. 100కు కొని 125కు అమ్మితే మార్కప్ 25 శాతం, మార్జిన్ 20 శాతం. 50 శాతం వేసినా అమ్మకంలో మిగిలేది మూడో వంతే. రూపాయికి రూపాయి వేసి అమ్మినా మార్జిన్ 50 శాతం దాటదు. ఎవరైనా శాతం చెబితే ముందు అడగాల్సింది "దేని మీద?" అని.

ఇక మీరు అసలు చూడని ఖర్చు ఒకటుంది. "బిల్లులో ఉన్న సరుకు విలువ మీద" అని రాశారు. ఆ విలువ కింద వేరే గీతలో జీఎస్టీ ఉంటుంది. మీకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ పన్ను మీకు ఎక్కడా తిరిగి రాదు. అది కూడా మీ కొనుగోలు ఖర్చే. మీరు తెచ్చే రకాలకు సాధారణంగా 5 శాతం. (2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తులకు ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. పిల్లల ఖరీదైన పండగ డ్రెస్సులు కొనేటప్పుడు ఈ గీత ఏ పక్కన ఉన్నారో చూసుకోండి.) ఆ తరువాత విజయవాడకు రానుపోను చార్జీలు, హమాలీ, లారీ ఆఫీసు నుంచి దుకాణం దాకా ఆటో, సూరత్ మూటకు రవాణా. ఇవి ఎంతో మీరు రాయలేదు. 50 వేల సరుకు మీద 1,500 అనుకుంటున్నాను, అంటే 3 శాతం. మీ రసీదులు తీసి సరైన అంకె వేసుకోండి.

అలా చూస్తే 100 రూపాయల చీర మీకు పడింది 108కి. దాన్ని 117కు అమ్ముతున్నారు. మిగిలేది 9.

అసలు చీర మీదే చూద్దాం. బిల్లులో 600. జీఎస్టీ 30, రవాణా 18, మొత్తం 648కి పడింది. మీరు 600 మీద 30 శాతం వేసి 780 చీటీ అంటించారు. బేరమాడితే 78 తగ్గించి 702కి ఇచ్చారు. ఆ చీర మీద 120 మిగిలిందని మీరు సంతోషించారు. మిగిలింది 54. ఈ లెక్కన 2 లక్షల అమ్మకం మీద వచ్చేది సుమారు 15,400. దుకాణం ఖర్చు 22 వేలు. ప్రతి నెలా 6,600 చొప్పున అసలుకే ఎసరు వస్తోంది. దానిపైన కూరగాయలు, ఆటో. రోజుకు 200 తీసినా నెలకు 6 వేలు. చీటీ పాడిన డబ్బు ఎటు పోయిందో తెలిసింది కదా? దసరా సరుకు కొనడానికి కాదు, అంతకుముందు నెలల్లో కరిగిపోయిన పెట్టుబడిని పూడ్చడానికి పోయింది. ఆ అమ్మాయి గల్లాలో చెయ్యి పెట్టిందని చెప్పే అంకె ఇందులో ఒక్కటీ లేదు.

అన్నయ్యగారికి అప్పటికీ అనుమానం తీరకపోతే ఒక్క అల్మరా లెక్క చూడమనండి. ఆదివారం రాత్రి నైటీలు లెక్కపెట్టండి, 84 ఉన్నాయనుకుందాం. వారంలో కొత్తవి 40 వచ్చాయి, పుస్తకంలో రాసిన అమ్మకం 51. మళ్లీ ఆదివారానికి 73 ఉండాలి. ఉంటే ఆ మాట అక్కడితో వదిలేయమనండి. ఒకటి రెండు తగ్గితే ముందు మీరు చుట్టాలకు ఇచ్చినవి, రాయడం మరిచినవి గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎంత శాతం వేయాలి? మొదట పక్క దుకాణం ఎంత వేస్తోందన్నది పక్కన పెట్టండి. వాళ్లది సొంత గది కావచ్చు, అద్దె లేకపోవచ్చు. మీ దుకాణానికి ఎంత కావాలో అక్కడి నుంచి వెనక్కి రండి. ఖర్చులు 22 వేలు. మీరు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చుంటున్నారు, మీకు జీతం ఏదీ? చాలామంది ఆడవాళ్లు తమ కష్టాన్ని లెక్కలో వేసుకోరు, ఆ తరువాత గల్లాలోంచి చిల్లర తీసుకుంటూ తప్పు చేసినట్టు బాధపడతారు. నెలకు 14 వేలు మీ జీతమని రాసుకోండి. ఒకటో తారీకున తీసుకోండి. కూరగాయలు, ఆటో అందులోంచే. ఇక గల్లా జోలికి వెళ్లకండి. 22, 14 కలిపితే 36 వేలు. 2 లక్షల్లో 18 శాతం.

దీనికి అమ్ముడుపోని సరుకు కలపాలి. సూరత్ మూటలో 20 చీరలు వస్తే ఒకదానికి మరకో, నేతలో పోగు తప్పో ఉంటుంది. 20 చీరలకు పెట్టిన 12,960 రూపాయలు 19 చీరల మీదే రాబట్టాలి. అప్పుడు ఒక్కొక్కటి పడేది 648కి కాదు, 682కి. రంగు నచ్చక రెండేళ్లు అల్మరాలో కూర్చునే చీరలు వేరు. వీటికి అమ్మకంలో 4 శాతం అనుకుందాం. మీరు పెట్టిన డబ్బుకు వడ్డీ, ఏడాదికి కొంత సరుకు పెంచుకోవడానికి మరో 3. మొత్తం 25 శాతం. అంటే అమ్మిన ప్రతి రూపాయిలో పావలా మిగలాలి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. పావలా మిగలాలంటే 25 శాతం వేస్తే సరిపోతుందనుకుంటారు. 25 వేస్తే ఇరవై పైసలే మిగులుతాయి. లెక్క ఇలా చేయండి. రూపాయిలో పావలా మీదైతే ముప్పావలా సరుకుది. పడిన ధరను 0.75తో భాగించండి. ఫోనులో కాలిక్యులేటర్ ఉంటుంది. 648ని 0.75తో భాగిస్తే 864. ఇది చివరికి మీ చేతికి రావలసిన ధర. ఇరవై పైసలు చాలనుకుంటే 0.80తో, ముప్పై అయిదు కావాలంటే 0.65తో భాగించాలి. వేయాల్సిన శాతాలు నోటికి పట్టాల్సిన పని లేదు, ఈ భాగహారం ఒక్కటి చాలు.

బేరానికి మళ్లీ అదే పద్ధతి. 10 శాతం తగ్గించే అలవాటుంటే 864ను 0.90తో భాగించండి, 960 వస్తుంది. 864కు 10 శాతం కలిపితే 950 అవుతుంది, దాంట్లో పదో వంతు తగ్గిస్తే 855కు జారిపోతారు. తొమ్మిది రూపాయలే కదా అనిపిస్తుంది, నెలకు 200 చీరలైతే 1,800. నాకు మాత్రం మీ ఊళ్లో 10 శాతం అడిగిన ప్రతివారికీ ఇవ్వడం నచ్చలేదు. చీటీ మీద 950 రాయండి, 865 దగ్గర ఆగండి. మొదట యాభై తగ్గించండి, తరువాత మిగతాది. అడిగీ అడగకముందే మొత్తం ఇచ్చేస్తే కొన్నవాళ్లకు తృప్తి ఉండదు, ఇంకా తగ్గేదేమో అనుకుంటూ వెళ్తారు. బోణీ బేరం పేరుతో పొద్దున్నే అడిగేవారికీ అదే హద్దు.

ఎక్కడ ఆగాలో మీకు గుర్తుండాలి, మీరు లేనప్పుడు అమ్మాయికీ తెలియాలి, కొనేవాళ్లకు మాత్రం తెలియకూడదు. దీనికి బట్టల వ్యాపారులు ఎప్పటి నుంచో వాడే ఉపాయం చీటీ మూల గుర్తు రాయడం. ఒకటి నుంచి సున్నా దాకా పది అంకెలకు పది వేర్వేరు అక్షరాలు పెట్టుకుంటారు. ఉదాహరణకు "రామచంద్రపురంలో వెలుగు" తీసుకోండి. రా, మ, చం, ద్ర, పు, రం, లో, వె, లు, గు. ఒక్కటీ మళ్లీ రాలేదు. రా అంటే 1, మ అంటే 2, చివరి గు అంటే సున్నా. మీ 648 చీర చీటీ మీద చిన్నగా "రంద్రవె" అని ఉంటుంది. కొనేవాళ్లకు అది సరుకు నంబరు. మీకు అది పడిన ధర. ఇది కాగితం మీద అచ్చయింది కాబట్టి మీరు వేరే మాట పెట్టుకోండి. గుర్తులో బిల్లు ధర కాకుండా పడిన ధరే రాయండి. బేరం వేడిలో 600 అనే అంకె కళ్ల ముందుంటే 640కి కూడా ఇవ్వాలనిపిస్తుంది, పాపం 40 మిగిలిందిలే అని. అది ఎనిమిది రూపాయల నష్టం.

"702కి ఇచ్చే చీరను 865 అంటే ఎవరు కొంటారు?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే అన్నిటికీ ఒకే శాతం వేసే అలవాటు మానాలి. ధర అందరికీ తెలిసిన సరుకు ఉంటుంది, తెలియనిది ఉంటుంది. నైటీ ధర వీధిలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. బిల్లులో 200 ఉన్న నైటీ మీకు 216కి పడుతుంది. 0.80తో భాగిస్తే 270. ఆ ధర బోర్డు మీద రాసి పెట్టండి, పైసా తగ్గించకండి. నైటీ చౌకగా ఉందని వచ్చినవాళ్లే పిల్లల గౌను చూస్తారు. పండగకు పిల్లకు నచ్చిన గౌను ధర ఎవరూ పక్క దుకాణంతో పోల్చలేరు, అదే గౌను అక్కడ ఉండదు. బిల్లులో 500 అయితే మీకు 540. 0.65తో భాగిస్తే 830. ఫాల్స్, లోపలి లంగాలు, జాకెట్ ముక్కలు కూడా ఈ కోవలోవే. చీర కొన్నావిడ వాటికోసం మళ్లీ నాలుగు దుకాణాలు తిరగదు. చీరల్లోనూ రోజూ కట్టుకునేవాటికి, శుభకార్యాల్లో చుట్టాలకు పెట్టే చీరలకు తక్కువ వేసి, కొత్త డిజైన్లకు ఎక్కువ వేయవచ్చు.

చివరికి మొత్తం మీద పావలా వస్తోందా అన్నదే చూడాలి. నెలలో నైటీలు, రోజువారీ రకాలు 80 వేలు అమ్మితే 20 శాతం చొప్పున 16 వేలు. చీరలు 80 వేలకు 25 చొప్పున 20 వేలు. పిల్లల బట్టలు, చిల్లర రకాలు 40 వేలకు 35 చొప్పున 14 వేలు. మొత్తం 50 వేలు, 2 లక్షల్లో 25 శాతం. జాగ్రత్త, 20, 25, 35 కలిపి మూడుతో భాగించి సగటు 26.67 అనకూడదు. ఏ రకం ఎంత అమ్ముడైందో దాన్నిబట్టే సగటు వస్తుంది. నైటీల అమ్మకం పెరిగి పిల్లల బట్టలు తగ్గితే శాతాలేవీ మార్చకుండానే మీ లాభం పడిపోతుంది.

ఎక్కువ శాతం ఉన్న సరుకే మంచిదని కూడా అనుకోకండి. 5,400కు పడిన పట్టుచీర 9,000కు అమ్మితే 40 శాతం మార్జిన్, 3,600 లాభం. కానీ అది అమ్ముడయ్యేసరికి ఏడాది పట్టిందనుకోండి. అదే 5,400తో 25 నైటీలు వస్తాయి. నెలలో అమ్ముడైతే 1,350 లాభం. ఆ డబ్బుతోనే మళ్లీ 25, మళ్లీ 25. ఏడాదికి 16,200. పట్టుచీరలు అసలు పెట్టొద్దనడం లేదు, అవి అద్దాల్లో కనబడితేనే పెళ్లివారు గడప తొక్కుతారు. నాలుగు చాలు, నలభై వద్దు.

ఎంఆర్‌పీ అచ్చయిన ప్యాకెట్ల సంగతి వేరు. బనియన్లు, తువ్వాళ్లు, లోదుస్తుల డబ్బాల మీద ఉన్న ధర దాటి అమ్మడం చట్టప్రకారం నేరం, అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అక్కడ మీరు ధర కట్టేదేమీ లేదు, వచ్చేదెంతో చూసుకుని తీసుకోవాలో వద్దో తేల్చుకోవడమే. ఎంఆర్‌పీ 150 ఉన్న డబ్బా 118కి పడుతుంటే 32 మిగులుతుంది. డీలరు దాన్ని 27 శాతం అంటాడు, 118 మీద చూస్తాడు కాబట్టి. మీ లెక్కలో అది 150 మీద 21 శాతం. ఆయన అబద్ధం చెప్పలేదు, మీరే మీ పుస్తకంలోకి మార్చి రాసుకోవాలి. హోల్‌సేల్ దుకాణాల్లో "స్టిక్కర్ ఎంత కొట్టమంటారు?" అని అడిగేవారుంటారు. 600 చీరకు 2,500 స్టిక్కర్ కొట్టించి సగానికి సగం తగ్గించినట్టు చూపడం పెద్ద ఊళ్లో ఒకసారి వచ్చిపోయే జనం మధ్య చెల్లుతుందేమో. మండల కేంద్రంలో అదే మొహాలు ఏడాదంతా కనబడతాయి. మీరు ఆ పని చేయకండి.

ఆషాఢం డిస్కౌంటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు తరువాత అడగబోయేది అదే. 864కు అమ్మే చీర మీద 216 మిగులుతోంది. దానిపై ఇంకో 10 శాతం తగ్గిస్తే ధర 778, మిగిలేది 130. మామూలుగా నెలకు 30 చీరలు అమ్మేవారు ఆ నెల 50 అమ్మితేనే అదే లాభం వస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, 50 అమ్మగలరా? కాబట్టి కొత్త సరుకు మీద తగ్గించవద్దు. రెండేళ్లుగా కూర్చున్న చీరను మాత్రం 648కి పడిందని పట్టుకుని వేలాడకండి, 500కు ఇచ్చేయండి. ఆ 648 ఇక రాదు. 500 వస్తే శ్రావణానికి కొత్త సరుకు వస్తుంది. పెద్ద దుకాణాల్లో ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బోర్డు పెడితే కంగారు పడకండి. రెండు చీరలూ పడింది 1,296కి అయితే ఒక చీర చీటీ మీద 1,728 రాసి ఉంటుంది, అంతే. వాళ్ల పావలా వాళ్లకు భద్రంగా ఉంటుంది.

ఖాతా మీద ఇచ్చిన అరువును అమ్మకంలో కలిపి రాస్తున్నారా? రాస్తే తప్పు లేదు, కానీ డబ్బు రాలేదని గుర్తుండాలి. నెలాఖరుకు అరువు ఎంత పెరిగిందో పక్కన రాయండి. లాభం ఉన్నా గల్లా ఖాళీగా ఉండటానికి సగం కారణం ఈ పుస్తకంలోనే దొరుకుతుంది.

వేసిన శాతం ఒకటి, వచ్చిన శాతం ఒకటి. నెలకోసారి వచ్చినదాన్ని పట్టుకోవాలి. ఒకటో తారీకున దుకాణంలో ఉన్న సరుకు పడిన ధరల్లో 6,40,000 అనుకుందాం, చీటీ మీద గుర్తులు ఉన్నాయి కాబట్టి కూడటం తేలిక. నెలలో 1,55,000 సరుకు తెచ్చారు. నెలాఖరుకు 6,42,000 ఉంది. అంటే అమ్ముడుపోయిన సరుకు ఖరీదు 1,53,000. అమ్మకం 2,00,000 అయితే మిగిలింది 47,000, అంటే 23.5 శాతం. పాతిక అనుకుంటే ఒకటిన్నర తగ్గింది. ఆ ఒకటిన్నర ఎక్కడుందో, బేరంలోనా, చెడిన సరుకులోనా, రాయని అమ్మకంలోనా అని వెతకడం అప్పుడు సాధ్యమవుతుంది. మొదటి నెల రెండు రాత్రులు పడుతుంది. మా ఊరి దుకాణాల వాళ్లు ఎంత చెప్పినా ఈ ఒక్క పనీ చేయరు, మీరైనా చేయండి.

పాత చీటీలన్నీ ఒక్కరోజులో మార్చకండి. నిన్న 702కి కొన్నావిడ రేపు అదే చీర మీద 950 చూస్తే గొడవ చేస్తుంది, చేయాలి కూడా. ఇప్పుడున్నది ఇలాగే అమ్ముకుంటూ కొత్తగా వచ్చే మూట నుంచి కొత్త లెక్క మొదలుపెట్టండి. తగ్గింపు మాత్రం రేపటి నుంచే సగానికి దించవచ్చు. 780 చీరను 702కి బదులు 741కి ఇచ్చినా మిగిలేది 54 నుంచి 93కు పెరుగుతుంది.

ఇక హైదరాబాద్ సంగతి. మీ అమ్మకం ఏడాదికి 24 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవారికి 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే, అక్కడి చుట్టాల మాట విని భయపడకండి. కానీ రాష్ట్రం దాటించి అమ్మితే ఈ పరిమితి వర్తించదు. మీ దుకాణం నుంచి ఒక చీర హైదరాబాద్‌కు అమ్మకంగా పంపాలన్నా ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి. మీవాళ్లు పండక్కి వచ్చి కౌంటరు దగ్గర కొనుక్కెళితే ఇబ్బంది లేదు. అమ్మకంలో 1 శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతి చిన్న వ్యాపారులకు బాగుంటుంది కానీ అందులో ఉన్నవారు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు, కొనుగోలు మీద కట్టిన పన్ను కూడా తిరిగి రాదు. కాబట్టి మీకు మామూలు రిజిస్ట్రేషనే కావాలి.

అది తీసుకుంటే లెక్క కొంచెం మారుతుంది. 865లో 5 శాతం పన్ను కలిసి ఉన్నట్టే. 865ను 105తో భాగించి 5తో గుణిస్తే 41 రూపాయల చిల్లర ప్రభుత్వానిది. మీరు కొన్నప్పుడు కట్టిన 30 అందులోంచి తగ్గించుకోవచ్చు, కట్టాల్సింది 11. అప్పుడు చీర మీద మీకు మిగిలేది 217 నుంచి 206కు తగ్గుతుంది. ఈ 11 రూపాయలు హైదరాబాద్ పంపిన చీరలకే కాదు, ఊళ్లో అమ్మిన ప్రతి చీరకూ పోతుంది. దానికి తోడు రిటర్నులు వేసేవారి ఫీజు. మీవాళ్లు నెలకు నాలుగైదు చీరలు కొనేట్టయితే దీనికి దిగకండి. ఊళ్లో నెలకు 200 చీరలు అమ్ముతారనుకుంటే 2,200, ఫీజు వెయ్యి అనుకుందాం. ఆ 3,200 తిరిగి రావాలంటే చీరకు 206 చొప్పున కనీసం 16 చీరలు హైదరాబాద్ వెళ్లాలి, కొరియర్ ఖర్చు కొన్నవాళ్లే పెట్టుకుంటేనే. ముందు వాళ్లను అడిగి చూడండి.